కూసునే జాగ ఏది?

ఎల్బీనగర్ చౌరస్తా చుట్టుపక్కల ఏ వైన్స్ ముందైనా దీపాలు పెట్టే వేళ కాసేపు నిలబడి చూడండి. ఇనుప జాలీకి ఈవల చేతులు, ఆవల సీసాలు. డబ్బులు లోపలికి పోతాయి, కోటరు బయటికి వస్తుంది. పక్కనే రేకుల షెడ్డు, దాన్ని పర్మిట్ రూమ్ అంటారు. లోపల గోడ పొడవునా ఒక బండ, దాని మీద తడి ప్లాస్టిక్ గ్లాసులు, కొరికి పారేసిన నీళ్ల ప్యాకెట్లు, పల్లీల కవర్లు. చాలాచోట్ల కుర్చీ అన్నదే కనపడదు. వచ్చిన మనిషి సగం మందు, సగం నీళ్లు కలిపి మూడు గుక్కల్లో దింపుతాడు. మూతి తుడుచుకుని, బండి స్టార్ట్ చేసి విజయవాడ రోడ్డులో కలిసిపోతాడు. పక్కన నిలబడ్డవాడు ఎవరో అతనికి తెలియదు, తెలుసుకోవాలనీ ఉండదు. పొద్దంతా కష్టపడి పని దిగిన మనిషికి మన ఊరు చూపిస్తున్న చోటు ఇదీ. నాకు కడుపు మండుతుంది.

నేను సరూర్‌నగర్‌లో పుట్టాను, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉద్యోగం చేశాను, ఎల్బీనగర్ అవతల ఇల్లు కట్టుకున్నాను. నా బతుకంతా ఈ రోడ్డు మీదే గడిచింది. ఇక్కడ ఏం వచ్చిందో, ఏం పోయిందో కళ్లారా చూసినవాణ్ని. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో నడిస్తే సంతోషించాను. ఫ్లైఓవర్లు వచ్చాయి, అండర్‌పాస్‌లు వచ్చాయి, మంచిదే. వాటితో నాకు పేచీ లేదు. సాయంత్రం పూట నలుగురు కలిసి కూసునే జాగ పోయింది. దాని బదులు మనకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆ పేచీ మటుకు నాకుంది.

దిల్‌సుఖ్‌నగర్ అంటే ఇప్పటి పిల్లలకు కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, చీరల షాపులు. మాకు కోణార్క్, వెంకటాద్రి, రాజధాని థియేటర్లు, గురువారం నాడు సాయిబాబా గుడి ముందు రద్దీ. అంతకు ముందు సంగతి చెప్పమంటే, సరూర్‌నగర్ చెరువు చుట్టూ పొలాలు, అటు ద్రాక్ష తోటలు, కొత్తపేట దాటితే రోడ్డుకు రెండు పక్కలా తాళ్లు, ఈదులు. ఎనభైల్లో పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారానికి వచ్చాక ఈ వైపు మనుషుల సందడి పెరిగింది. మామిడి సీజన్లో తెల్లారేదాకా లారీలు దిగేవి. ఆ బుట్టలు మోసిన హమాలీలు, రిక్షావాళ్లు, తాపీ మేస్త్రీలు, కైకిలికి పోయొచ్చిన ఆడవాళ్లు పొద్దుమూకే వేళకు చేరే చోటు ఒకటుండేది. కల్లు కాంపౌండ్.

ఇప్పుడు ఆ మాట వింటే చదువుకున్నవాళ్లు మొహం చిట్లిస్తారు. వాళ్లు దాన్ని చూసి ఉండరు. నేను చూసిన కాంపౌండ్ చెబుతాను. చుట్టూ ఎత్తు గోడ, లోపల రెండు పెద్ద వేపచెట్లు, నీళ్లు చల్లి ఊడ్చిన మట్టి నేల. బల్లలు కొన్ని ఉండేవి కానీ ఎక్కువమంది నేల మీదే బాసిపట్లు వేసుకుని కూర్చునేవాళ్లు. ఒక పక్క గౌడన్న, ఆయన ముందు కుండలు, సీసాలు. ఆయనకు వచ్చేవాళ్ల పేర్లే కాదు, వాళ్ల ఇంటి సంగతులూ తెలుసు. ఎవరి కొడుక్కు జ్వరమో, ఎవరికి కూలి డబ్బులు ముట్టలేదో, ఎవరి బిడ్డకు సంబంధం కుదిరిందో ముందు ఆయనకే తెలిసేది. ఎక్కువ తాగుతున్నవాడిని, “ఇగ సాలు, ఇంటికి పో, నీ పెండ్లాం ఎదురుచూస్తది” అని లేపేది కూడా ఆయనే. లేవనని మొండికేస్తే పక్కవాళ్లు రెక్క పట్టుకుని దింపొచ్చేవాళ్లు. ఇవాళ జాలీ వెనకున్న కుర్రాడు ఎవరిని పొమ్మంటాడు? వాడికి మన మొహం కూడా సరిగా కనపడదు.

గోడ పక్కన తినుబండారాల అక్కలు వరసగా కూర్చునేవాళ్లు. గుడాలు అమ్మేవాళ్లు: అలసందలో శనగలో ఉడకబెట్టి, ఎండు మిరపకాయలు, ఉల్లిగడ్డ వేసి తిప్పి, వేడివేడిగా మోదుగాకు డొప్పలో పోసి ఇచ్చేవాళ్లు. బోటి అక్క దగ్గర ఎప్పుడూ గుంపే. ఆమె పొద్దున్నే పేగులు తెచ్చి, తిప్పి కడిగి, మళ్లీ తిప్పి వేడినీళ్లతో కడిగి, వాసన పూర్తిగా పోయాకే ముక్కలు కోసేది. అల్లం, ఎల్లిగడ్డ నూరి పట్టించి, కట్టెల పొయ్యి మీద శనగపప్పుతో కలిపి చాలాసేపు ఉడికించేది. ముక్క మెత్తగా ఉన్నా పంటికి కాస్త ఎదురు తిరగాలి, అదీ ఆమె లెక్క. ఆ కారానికి నాలుక చురుక్కుమంటే చల్లటి పుల్లటి కల్లు దాన్ని సర్దేది. తిండీ తాగుడూ ఒకదాన్నొకటి ఎరిగి ఉండేవి. ఇప్పుడు బార్లో కోటరు పక్కన ఎర్ర రంగు పూసిన చిల్లీ చికెన్ పెడుతున్నారు. ఏ బార్లో తిన్నా ఒకటే రుచి, ఒకటే సాసు.

చెట్టు కింద తాగడం ఇంకో మర్యాద. పొద్దున్నే గౌడన్న మోకు వేసుకుని, ముత్తాదులో కత్తి దోపుకుని తాడెక్కేవాడు. గెల చివర సన్నటి పొర మాత్రమే కోయాలి. ఎక్కువ తెగితే గెల చెడుతుంది, తక్కువ తెగితే ఊట రాదు. లొట్టి దింపి, నురుగు మీద తేలే ఈగల్ని, చెత్తని తీసేసి, తాటాకు మడిచి రేకు చేసి మన చేతికిచ్చేవాడు. మనం గొంతుకూర్చుని, మోచేతులు మోకాళ్లకు ఆన్చి, రెండు చేతులా ఆ రేకు పట్టుకోవాలి. ఆయన పైనుంచి సన్నటి ధార పోస్తాడు. ధార ఎంత పోస్తే అంతే తాగాలి, ఆయన ఆపితే ఆగాలి. పరుపుతాడు కల్లుకు ఒక రుచి, పోతుతాడుకు ఒకటి, పండుతాడుకు ఇంకొకటి. నోట్లో పెట్టుకోగానే ఇది ఫలానా చెట్టుదని చెప్పే పెద్దమనుషులు మా వాడలో ఉండేవాళ్లు.

ఇదంతా మళ్లీ ఎందుకు తవ్వుకుంటున్నానంటే, మా చిన్నోడు ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడికి పోయినప్పుడు నేను పోగొట్టుకున్నది అక్కడ చెక్కుచెదరకుండా కనపడింది. అప్పటి నుంచి నా కోపం రెట్టింపైంది.

డబ్లిన్‌కు మన తెలుగువాళ్ల రాకపోకలు సాఫ్ట్‌వేర్‌తో మొదలు కాలేదు. బరంపురం నుంచి వి.వి. గిరి 1913లో లా చదవడానికి అక్కడికే వెళ్లారు. ఐరిష్ తిరుగుబాటుదారులతో సంబంధాలున్నాయని 1916లో ఆయన్ని దేశం వదిలి పొమ్మన్నారు. తర్వాత మనకు రాష్ట్రపతి అయ్యారు. ఇప్పుడు అక్కడ దసరా వస్తే బతుకమ్మ పేర్చి ఆడేంతమంది ఉన్నారు.

మా వాడు నన్ను మొదట టెంపుల్ బార్ వైపు తిప్పాడు. అది టూరిస్టుల పేట, ధరలూ అట్లాగే ఉంటాయి, చూసి వచ్చేశాం. “నాయినా, అసలు పబ్బు మా ఇంటి పక్కన ఉంది” అన్నాడు. నిజంగానే ఇళ్ల మధ్యలో, కిరాణా దుకాణం పక్కన ఉందది. పాత చెక్క తలుపు, లోపల పసుపు దీపాలు, గోడల మీద ఊరి హర్లింగ్ ఆట జట్ల ఫోటోలు. లోపలికి అడుగు పెట్టగానే కౌంటర్ వెనకున్నాయన తలూపి పలకరించాడు. నేను ఎవరో ఆయనకు తెలియదు, అయినా పలకరించాడు.

గిన్నిస్ బీరు పోసే తీరు చూడండి. గ్లాసును వంచి పట్టుకుని, కొళాయి ముందుకు లాగి, ముప్పావు దాకా నింపి, తీసి పక్కన పెట్టేస్తాడు. ఇంకొకరి పని చూస్తాడు. గ్లాసులో గోధుమరంగు నురుగు సుడి తిరుగుతూ కిందికి జారుతున్నట్టు కనపడుతుంది. మెల్లగా అడుగు నుంచి నలుపు తేరుకుంటుంది, తెల్లటి పొర పైకి చేరుతుంది. అప్పుడొచ్చి మిగతా పావు నింపి, నురుగు అంచు మీదికి రాగానే ఆపుతాడు. దీనికి 119.5 సెకన్లు పడుతుందని కంపెనీ లెక్క చెబుతుంది. ఆ రెండు నిమిషాలు ఎవరూ తొందరపెట్టరు. మా గౌడన్న ధార గుర్తొచ్చింది నాకు. పోసేవాడి చేతిలో పని ఉన్నచోట తాగేవాడికి ఓపిక దానంతటదే వస్తుంది. ఒక పింట్ అంటే 568 మిల్లీలీటర్లు, అందులో మత్తు 4.2 శాతం. మన మంచి కల్లుదీ దాదాపు అంతే. మన కోటరులో 42.8 శాతం, అది కూడా నిలబడి మూడు గుక్కల్లో! ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే మనం ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చామో తెలుస్తుంది.

ఆర్థర్ గిన్నిస్ 1759లో సెయింట్ జేమ్స్ గేట్ దగ్గర కార్ఖానా స్థలాన్ని ఏడాదికి 45 పౌండ్ల కిరాయికి 9,000 ఏళ్ల కౌలుకు తీసుకున్నాడు. ఆ కార్ఖానా అదే చోట ఇవాళ్టికీ నడుస్తోంది. మా వైపు తాడిచెట్టుకు అందులో అర పైసా భరోసా లేకపోయింది.

నలుగురు కూర్చుంటే అక్కడ వంతుల పద్ధతి. ఒకసారి ఒకడు అందరికీ తెస్తాడు, తర్వాత ఇంకొకడు. తన వంతు రాకముందే జారుకున్నవాణ్ని ఊళ్లో గుర్తుపెట్టుకుంటారు. మా కాంపౌండ్లోనూ ఇదే నీతి: ఈ సీసా నాది, మళ్లీ సీసా నీది. సోపతి అట్లాగే పెరిగేది. అక్కడ ముసలాయన ఒకరు రోజూ సాయంత్రం మూలన అదే స్టూలు మీద కూర్చుంటాడట. ఒక్క పింట్‌తో గంటన్నర. ఆయన రెండు రోజులు రాకపోతే పబ్బువాళ్లు ఇంటికి మనిషిని పంపి కనుక్కుంటారని మా వాడు చెప్పాడు. మన గేటెడ్ కమ్యూనిటీల్లో పక్క ఫ్లాట్‌లో ఎవరు చచ్చారో, ఎవరు బతికారో వాచ్‌మన్ చెబితే తప్ప తెలియదు.

తిండి సంగతికొస్తే, కారం మాటెత్తొద్దు. ఐరిష్ స్ట్యూ అంటే గొర్రె మాంసం, ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, కొంచెం మిరియం, అంతే. కానీ ఆ చలిలో గిన్నె నిండా పొగలు కక్కుతూ వస్తే కడుపులో హాయిగా ఉంటుంది. చేపలు, ఆల్చిప్పలు, పాలమీగడ వేసి చేసే చౌడర్ సముద్రం పక్క ఊళ్లలో తినాలి. దాని పక్కన సోడా బ్రెడ్ పెడతారు: ఈస్టు ఉండదు, గోధుమపిండిలో మజ్జిగ పోసి తినేసోడా వేసి కాలుస్తారు. మజ్జిగ పేరు వినగానే మా ఆవిడకు నచ్చేసింది. ఆమె మందు ముట్టదు. టీ అడిగితే కెటిల్ నిండా టీ, చిన్న జగ్గులో పాలు తెచ్చి పెట్టారు. వింతగా ఎవరూ చూడలేదు. పక్క టేబుల్ దగ్గర ఇద్దరు పిల్లలు బొమ్మలకు రంగులేసుకుంటున్నారు, వాళ్ల నాయనమ్మ సూప్ తాగుతోంది. పెద్దవాళ్లు వెంట ఉంటే పదిహేనేళ్లలోపు పిల్లలు రాత్రి తొమ్మిది దాకా పబ్బులో ఉండొచ్చని అక్కడి చట్టం. ఎండాకాలం పది దాకా. పిల్లల ముందు, తల్లి ముందు తాగేవాడు తూలేదాకా తాగడు. ఇంత చిన్న విషయం మనవాళ్లకు ఎందుకు తట్టదు?

ఆదివారం మధ్యాహ్నం అదే పబ్బులో పాట విన్నాను. స్టేజీ లేదు, మైకు లేదు. మూల బల్ల చుట్టూ ఆరుగురు కూర్చున్నారు. ఒకామె ఫిడేలు, ఒక పిల్లాడు టిన్ విజిల్, ఒకాయన మేకతోలు బిగించిన బౌరాన్ డప్పు, ఇంకొకాయన మోచేతి కింద తిత్తి నొక్కుతూ వాయించే పైపులు. వాళ్ల గ్లాసులు వాళ్ల ముందే. మధ్యలో ఒక ముసలామె కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంటే హాలంతా మాట ఆపేసింది. పాట అయిపోయాక మళ్లీ మాటలు. మా కాంపౌండ్లోనూ తత్వాలు పాడే తాత ఒకాయన ఉండేవాడు. ఆయన గొంతెత్తితే గౌడన్న సీసాల చప్పుడు కూడా ఆపించేవాడు. ఇప్పుడు మన నగరంలో పబ్బు అని పేరు పెట్టుకున్న చోట్లకు మా మనవడి స్నేహితులు పోతారు. మనిషి చెవిలో అరిచినా వినపడదంటారు. డీజే పెట్టె చప్పుడుకు గుండె అదురుతుందని వాళ్లే చెబుతారు. మాట్లాడుకోవడానికి వీల్లేని చోట నలుగురు కలిసి చేసేదేముంది?

ఐరిష్ పబ్బు అని పేరు పెట్టుకున్నవి ప్రపంచం నిండా ఉన్నాయి. పాత చెక్క బల్లలు, రంగు అద్దాలు, బోర్డులు అన్నీ ఐర్లండ్‌లోనే తయారుచేసి ఓడల్లో పంపి, ఏ దేశంలోనైనా బిగించి ఇచ్చే కంపెనీలు 1990ల నుంచీ ఉన్నాయి. నాకు అలంకరణ మీద ఆశ లేదు. పడమటి తీరాన డింగిల్ అనే చిన్న ఊళ్లో ఫాక్సీ జాన్స్ అని ఒక పబ్బుంది. ఒక పక్క కౌంటర్లో బీరు పోస్తారు, ఎదురు కౌంటర్లో మేకులు, సుత్తులు, పెయింటు డబ్బాలు అమ్ముతారు. అదే ఊళ్లో డిక్ మ్యాక్స్‌లో ఒక పక్క తోలు బెల్టుల పని. ఒకప్పుడు పల్లెల్లో పబ్బు, కిరాణం ఒకే కప్పు కింద నడిచేవి. కొన్ని ఊళ్లలో పబ్బు నడిపే ఆయనే శవయాత్ర ఏర్పాట్లు కూడా చూసేవాడు. మనకూ అంతే కదా. తెలంగాణలో పుట్టుక నుంచి చావు దాకా కల్లు లేని కార్యం ఏది? ఎల్లమ్మకు, మైసమ్మకు సాక పోయాలంటే కల్లు, బోనాలకు కల్లు, దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకున్నాక కల్లు, చావింట్లో పిట్టకు పెట్టిన నాడు కల్లు. ఊరి బతుకులో కలిసిపోయిన తాగుడుకు ఒక కట్టడి ఉంటుంది. దాన్ని తెంపి రోడ్డు పక్కన జాలీ వెనక పెడితే కట్టడి ఎక్కడి నుంచి వస్తుంది?

ఆడవాళ్ల సంగతి చెప్పి తీరాలి. పాత ఐరిష్ పబ్బుల్లో స్నగ్ అని తలుపున్న చిన్న గది ఉంటుంది. ఆడవాళ్లు, పాదరీలు ఎవరి కంటా పడకుండా అందులో కూర్చుని తాగేవాళ్లు. ఆడమనిషి పింట్ అడిగితే పోసేది లేదని చెప్పిన పబ్బులు డెబ్బైల్లో కూడా ఉన్నాయట. ఆడవాళ్లు పోట్లాడారు, 2000లో సమాన హోదా చట్టం వచ్చింది, ఇవాళ హాలు మధ్యలో దర్జాగా కూర్చుంటున్నారు. మా దగ్గర బాట ఉల్టా నడిచింది. మా చిన్నప్పుడు పూలమ్మే అవ్వలు, నాట్లు వేసొచ్చిన అక్కలు కాంపౌండ్లో కాళ్లు చాపుకుని, సీసా పక్కన పెట్టుకుని, మగవాళ్లతో సమానంగా ముచ్చట పెట్టేవాళ్లు. మా మేనత్త వాళ్లలో ఒకామె. ఒక్క సీసా, ఒక డొప్ప గుడాలు, తర్వాత ఇంటికొచ్చి వంట. ఆమెను ఎవరూ ఒక్క మాటనలేదు. ఇవాళ ఎల్బీనగర్‌లో వైన్స్ ముందు ఆడమనిషి ఆటో దిగితే చాలు, పదిమంది తలలు తిరుగుతాయి. ముందుకు పోయామని ఎట్లా ఒప్పుకోమంటారు?

2004 సంవత్సరం నా మనసులో గుచ్చుకుని ఉంది. ఆ ఏడు మార్చి 29న ఐర్లండ్ పబ్బుల్లో సిగరెట్ కాల్చడం నిషేధించింది. దేశమంతటా అలా చేసిన మొదటి దేశం అదే. పబ్బులు మూతపడతాయని అప్పుడు చాలామంది గోల పెట్టారు. జనం బయటికొచ్చి కాల్చుకుని మళ్లీ లోపలికి వెళ్లి కూర్చున్నారు. చెడ్డదాన్ని తీసేసి చోటును కాపాడుకున్నారు. అదే 2004లో మన హైదరాబాద్‌లో కల్లు కాంపౌండ్లు మూయించారు. కల్లులో కల్తీ జరుగుతోందన్నారు, నిజం, నేనూ ఒప్పుకుంటాను. మరి కల్తీ చేసేవాణ్ని పట్టుకోవాలా, కాంపౌండుకే తాళం వేయాలా? పదేళ్లు తాళం వేశారు. తాగేవాళ్లు తాగడం మానలేదు, వైన్స్ ముందుకు పోయి నిలబడ్డారు. గీత కార్మికుల పిల్లలు ఆటోలెక్కారు. గుడాల అక్కలు, బోటి అక్కలు ఎటు పోయారో ఎవరూ అడగలేదు.

2014 దసరాకు మళ్లీ తెరిచారు. తెరిచేసరికి చెట్లేవి? తాటికల్లు పొద్దున దింపితే మధ్యాహ్నానికి పులుపెక్కుతుంది, మర్నాటికి నోట్లో పెట్టలేం. అది దూరం పోయే సరుకు కాదు, చెట్టు దగ్గర్లో ఉండాలి. కుంట్లూరు, తట్టిఅన్నారం, పెద్ద అంబర్‌పేట, అబ్దుల్లాపూర్‌మెట్ పొడుగునా తాటివనాలు వెంచర్లయ్యాయి, ప్లాట్లయ్యాయి. అడిగేవాళ్లు వేలల్లో, దిగే కల్లు కుండల్లో. ఆ మధ్య సందులోకి పొడులు దూరాయి: క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలమ్. నీళ్లలో పొడి, చక్కెర కలిపి కల్లని అమ్మారు. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు ఆ కల్తీ తాగి పేదవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఆ చచ్చినవాళ్లు తాగింది కల్లు కాదు. కల్లును చంపేసి దాని పేరు మీద అమ్మిన విషం.

తాగుడును వెనకేసుకొస్తున్నావని నన్ను అనేవాళ్లు ఉంటారు. సారా చేసిన పాడు నాకు తెలుసు. ప్యాకెట్ సారా మా బస్తీలో ఎన్ని తాళిబొట్లను కుదువపెట్టించిందో చూశాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు కొంగు బిగించి సారా దుకాణాల మీదికి పోయినప్పుడు మా ఇంట్లో వాళ్లకు దండం పెట్టుకున్నాం. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వాళ్ల గెలుపే. 1995లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టి రెండేళ్లకే ఎత్తేశారు, అది వేరే కథ. ఐర్లండ్‌లోనూ తాగుడు కన్నీళ్లు తక్కువేం కావు. ఫాదర్ మాథ్యూ అనే పాదరీ 1838లో మొదలుపెట్టి లక్షలమంది చేత మందు ముట్టబోమని ఒట్టు వేయించాడు. డబ్లిన్ నడిబొడ్డున ఆయన విగ్రహం ఉంది, పోయి చూశాను. తాగబోమని ఒట్టేసుకున్నవాళ్ల సంఘం 1898 నుంచి ఉంది, కోటుకు గుర్తు పిన్ను పెట్టుకునే వాళ్లు పబ్బులోనే కూర్చుని టీ తాగేవాళ్లు. తాగేవాడికీ తాగనివాడికీ ఒకే బల్ల దగ్గర చోటుంది, నేను అడిగేది అదే. వాళ్ల పల్లెల్లో కూడా పబ్బులు మూతపడుతున్నాయి, 2005 నుంచి రెండు వేలకు పైగా పోయాయి. ఒక్కో పబ్బు పోతే వార్త రాస్తారు, ఊరు బాధపడుతుంది, కొన్నిచోట్ల ఊరివాళ్లే చందాలేసుకుని కొని నడుపుతున్నారు. మా కాంపౌండ్లు పోతే ఎవరు ఏడ్చారు?

మన దగ్గర లెక్క వేరే. 2023లో తెలంగాణలో 2,620 వైన్స్ దుకాణాలకు లాటరీ తీశారు. దరఖాస్తుకు రెండు లక్షలు, తిరిగి ఇచ్చేది లేదు. లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు, ఖజానాకు 2,600 కోట్లకు పైగా. మా సరూర్‌నగర్ ఎక్సైజ్ పరిధిలోనే పది వేలకు పైగా పడ్డాయి. అంటే మా వైపు మనుషుల తాగుడు మీద అంత గిరాకీ ఉంది! ఆ డబ్బులో నూరో వంతు ఖర్చుపెట్టినా దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా మనిషి మర్యాదగా కూర్చునే చోట్లు ఎన్ని కట్టొచ్చో లెక్కేయండి.

ఇవాళ మా వైపు పిల్లలు ఎక్కడ తాగుతున్నారో తెలుసా? సర్వీస్ రోడ్డు పక్కన కారు ఆపుకుని అద్దాలు ఎక్కించుకుని. ఖాళీ ప్లాట్లలో, సెల్‌ఫోన్ లైటు వెలుగులో. పొద్దున నడకకు పోతే చెరువు గట్టున పగిలిన సీసాలు. వాళ్లు చెడ్డ పిల్లలు కారు. వాళ్లకు పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఎంత తాగాలో, ఎక్కడ ఆపాలో నేర్చుకునే చోటు మనం ఉంచలేదు. నాకు తాగడం నేర్పింది మా పెద్దనాన్న, వేపచెట్టు కింద. సగం సీసా పోసి, “దీంతో ఆగు, ముచ్చట విను” అన్నాడు. ఇరానీ హోటళ్లు ఉన్నా కొంత ఊరట ఉండేది, ఒక్క చాయ్ మీద రెండు గంటలు కూర్చోనిచ్చేవాళ్లు. అవీ ఒక్కొక్కటే మొబైల్ షాపులు అవుతున్నాయి.

నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచారు. నీరాను పులియకుండా చల్లగా ఉంచి పోశారు. పోయి తాగాను, శుభ్రంగా ఉండింది, సంతోషం. నగరానికి ఈ చివర ఉన్న హమాలీ, మేస్త్రీ, కూరగాయలమ్మే అవ్వ అక్కడి దాకా పోతారా? అటువంటిది ఎల్బీనగర్‌లో కావాలి, వాళ్ల జేబుకు తగ్గ ధరలో కావాలి. గౌడన్నల సంఘమే నడపాలి, ఏ చెట్టు కల్లు ఏ ఊరి నుంచి ఎప్పుడు దిగిందో పలక మీద రాయాలి, రోజూ పరీక్ష చేసి ఆ కాగితం గోడకు అంటించాలి. గుడాల అక్కలకు లోపల పొయ్యి ఇవ్వాలి. ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి, అది లేకపోతే వాళ్లు రారు, వాళ్లు రాకపోతే ఆ చోటు మళ్లీ షెడ్డే అవుతుంది. టీవీ వద్దు, డీజే అసలే వద్దు. హరితహారంలో తాటి, ఈత మొక్కలు నాటామని చెప్పారు కదా, ఔటర్ రింగు రోడ్డు పక్కన వాటిని ఎవరూ కొట్టకుండా కాపలా పెట్టాలి. తాడు కల్లుకు రావడానికి పదిహేనేళ్ల దాకా పడుతుంది, ఆలస్యం చేసే వ్యవధి లేదు.

ఇదంతా ఒక్క రోజులో అయ్యేది కాదని నాకు తెలుసు. రేపు పొద్దున్నే అయ్యేది ఒకటుంది. ఆ పర్మిట్ రూముల్లో బండలు తీసేసి బల్లలు, కుర్చీలు వేయించండి. ఒక ఫ్యాను, ఒక కుండలో మంచినీళ్లు, తినడానికి ఒక గిన్నె గుడాలు. ముందు మనుషుల్ని కూర్చోబెట్టండి, మిగతా గొడవ తర్వాత మాట్లాడుకుందాం.